గూలా బొమ్మ వెనక తలుపు

పోయిన వారం మనం తహానీని అలెగ్జాండ్రియాలోని మర్జాన్ వినోదాల పార్కులో, దెయ్యాల మేడ వెనకగోడ ముందు వదిలి వచ్చాం. ఆమె చేతిలో టీ గ్లాసు ఉంది. గూలా రాకాసి బొమ్మ గీసిన నిలువెత్తు చెక్కపలకను మేస్త్రీ దస్సూకీ మనుషులు గడ్డపారలతో ఊడబెరికారు. దాని వెనక గోడ ఉంటుందనుకున్నారు. గోడ లేదు. ఇనప తలుపుంది.

టీ చల్లారిపోయింది. తహానీ ఇంకా ఆ తలుపునే చూస్తోంది.

తలుపుకి లోపలివైపు పిడి లేదు. పిడి ఉండాల్సిన చోట అరచేయంత ఇనప రేకు పెట్టి వెల్డింగు చేశారు. రేకు మీదా, తలుపంతటి మీదా దట్టంగా మసి పట్టి ఉంది. ఆ మసిలో, తహానీ భుజాల ఎత్తున మొదలై కిందికి జారిన వేళ్ల గీతలున్నాయి. రెండు జతల చేతులవి. ఒక జత చిన్నది.

దస్సూకీ సుత్తితో తలుపు మీద మెల్లగా కొట్టి చూశాడు. మొద్దు చప్పుడు వచ్చింది.

"వెనక ఇటుక గోడుందమ్మా," అన్నాడు. "బంపర్ కార్ల షెడ్డు గోడ. ఎవడో మహానుభావుడు తలుపు ముందు గోడ లేపి, తలుపుకి పిడి పీకేశాడు."

పొద్దుటి నుంచీ నవ్విస్తూనే ఉన్నాడు ఆ మేస్త్రీ. గూలా బొమ్మ ఊడబెరికేటప్పుడు కూడా, "మా అత్తగారు దీనికంటే భయంకరంగా ఉంటుంది, కాస్త మెల్లగా పట్టుకోండ్రా, మర్యాద," అని కుర్రాళ్లను నవ్వించాడు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

మర్జాన్‌లో ఒక అలవాటుండేది. కొత్త వస్తువు తెచ్చినా పాతది తీసేవాళ్లు కాదు. పింగాణీ స్విచ్చు పక్కనే నల్ల స్విచ్చు, దాని పక్కనే తెల్లటి ప్లాస్టిక్ స్విచ్చు. మూడింట్లో ఏది పనిచేస్తుందో పనివాళ్లకే తెలియదు. క్యూ కడ్డీలకు ఇత్తడి ఏష్‌ట్రేలు ఇంకా వేలాడుతున్నాయి, వాటిపైనే "పొగ తాగరాదు" అని రేకు బోర్డు. నాణెం వేస్తే మోగే ఫోను డబ్బా, గొంతు పోయిన లౌడ్‌స్పీకరు బాకాలు, వైరు బుట్టల్లో గుండ్రటి బల్బులు. పార్కు కొన్న కొత్త కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు నెర్మీన్‌కి ఇవన్నీ చూస్తే పండగే. పాతవన్నీ తోమి, తళతళలాడించి, పాతకాలపు మేడగానే మళ్లీ తెరుద్దామని ఆమె ఆలోచన. వయసులో టికెట్టు కిటికీలో కూర్చుని, యాభై దాటాక కూడా అదే కిటికీలో ఉన్న తహానీని అందుకే వెంటబెట్టుకు తిరుగుతోంది.

తీసెయ్యకుండా పైన ఇంకోటి కప్పెయ్యడమనే ఆ బద్ధకమే ఈ తలుపును ఇన్నేళ్లు కాపాడింది.

"తహానీ అక్కా," అంది నెర్మీన్ గొంతు తగ్గించి. "మీ తమ్ముడు... కోర్టులో చెప్పిన తలుపు ఇదేనా?"

తహానీ తల ఊపింది.

రగబ్ చెప్పింది ఇదే. ఆ ఈద్ సెలవుల్లో మేడలో తెర అంటుకుని పొగ కమ్మినప్పుడు, ముందున్న జనం ముందు గుమ్మంలోంచి దూకి బయటపడ్డారు. వెనక ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లు వెనకతలుపు వైపు పరిగెత్తారు. బయటికి రాలేదు. మేడ నడిపే మనిషి రగబ్. కోర్టులో వాడు మొత్తుకున్నాడు. "అయ్యా, షెడ్డు కట్టినప్పుడే వెనకతలుపు మూసేశారు. లోపల పిడి కూడా లేదు. దాన్ని తెరిపించమని నేను అడుగుతూనే ఉన్నా." ప్రాసిక్యూటరు మనుషులు వచ్చి చూస్తే అక్కడ గూలా బొమ్మే ఉంది. ఆ పక్కన సామాన్ల గది తలుపుంది. దానికి తాళం. తాళంచెవి రగబ్ నడుముకి. "ఇదే వెనకతలుపు," అన్నాడు పార్కు డైరెక్టరు బహ్‌గత్ బే. "ఔను, ఇదే," అని సాక్ష్యం చెప్పాడు మేడలో వడ్రంగం, రంగుల పని చేసే ఫిక్రీ.

రగబ్ మూడో చలికాలం జైల్లోనే పోయాడు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా తహానీ ఫిక్రీని పెళ్లాడింది.

సాక్ష్యం చెప్పినవాణ్ణి ఎలా చేసుకుందని మీరు అడగొచ్చు. ఊరూ అడిగింది. అతను వాళ్లింటికొచ్చి కన్నీళ్లు పెట్టుకున్నాడు. కళ్లతో చూసింది చెప్పక తప్పలేదన్నాడు. నిజం చెప్పే మనిషి కదా అనుకుంది. నిజం చెప్పే మనిషి ఇంట్లో ఉంటే చాలనుకుంది.

ఎప్పుడైనా రగబ్ మాట తలచుకుని ఏడిస్తే ఫిక్రీ వీపు నిమిరేవాడు. "భయంలో ఉన్న మనిషి ఏదైనా చెప్తాడే. నీ తమ్ముడు కాబట్టి నీకు నమ్మాలనిపిస్తుంది. తప్పులేదు." అలా నిమిరీ నిమిరీ, ఒక రోజు ఆమెచేత అనిపించాడు. "నిజమే, రగబే తాళం వేసుంటాడు." ఆ మాట అన్న రోజు తహానీకి తేలిగ్గా ఉన్నట్టే ఉంది. చనిపోయిన పిల్లల తండ్రి ప్రతి ఈద్‌కీ పార్కు గేటు దగ్గరకొచ్చి నిలబడేవాడు. అతను కనపడగానే తహానీ కిటికీ రెక్క దించి, అతను వెళ్లేదాకా స్టూలు కింద కూర్చునేది. హంతకుడి అక్క మొహం ఆయనకెందుకు చూపించాలని.

అడుగుల చప్పుడయింది. ఫిక్రీ వచ్చాడు. చొక్కా మీద రంపప్పొట్టు, చేతిలో టేపు. పాత అలంకారాలు బాగుచేసే పని కంపెనీ అతనికే ఇచ్చింది. చెక్క కొనడానికి పొద్దున్నే పోయినవాడు, దస్సూకీ ఫోను చేస్తే పరుగున వచ్చాడు. తలుపు చూశాడు. పెళ్లాం వైపు చూడలేదు.

"ఏంటి మేస్త్రీ, తుప్పు సామాను ముందు తిరనాళ్లకొచ్చినట్టు నిలబడ్డారు? గ్రైండరు తీసుకురా. కోసి ముక్కలు చెయ్. పాతసామాన్ల వాడు గేటు దగ్గరే ఉన్నాడు, గాడిదబండి ఖాళీగానే ఉంది."

"ఇంజనీరమ్మ ఏమంటుందో..."

"ఇంజనీరమ్మకి కావాల్సింది ఇత్తడి. ఇనుము కాదు."

"నాకేం కావాలో నన్నడగొచ్చుగా, ఫిక్రీ బాబాయ్," అంది నెర్మీన్. ఆమె ఫోనులో తలుపు ఫోటోలు తీస్తోంది.

అతను వెంటనే పళ్లికిలించాడు. "అయ్యో, అడక్కుండా ఎలా ఉంటానమ్మా! దుమ్ములో మీకు అలర్జీ వస్తుందని." అప్పుడు తహానీ వైపు తిరిగి, ఎప్పటిలా కొడుకు పేరుతో పిలిచాడు. "నువ్వింటికి పో, ఉమ్ హానీ. ఈ మసి నీకు పడదు. దగ్గొస్తుంది."

తహానీ టీ గ్లాసు నేల మీద పెట్టింది. నడిచి వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి, వేళ్ల గీతలు చెరగకుండా జానెడు ముందుకు జరిగింది.

"ముందు నన్ను కొయ్యి," అంది.

మధ్యాహ్నపు అజాన్ వినిపించింది. దస్సూకీ ఆ పిలుపు కోసమే ఎదురుచూసినవాడిలా మనుషుల్ని వెంటబెట్టుకుని నమాజుకి బయల్దేరాడు. నెర్మీన్ ఇద్దర్నీ ఓసారి చూసి, "నేను బయట ఫోను మాట్లాడొస్తా," అని వెళ్లింది. మేడలో మొగుడూ పెళ్లాలు మిగిలారు. పైన రేకుల మీద వాన మొదలైంది. సముద్రం మీంచి తుపాను వచ్చే కాలం అది.

"అబూ హానీ," అంది తహానీ. "ఈ బొమ్మ ముందు ఎక్కడుండేది?"

"ఏ బొమ్మ?"

"నీ గూలా. నువ్వు గీసిన గూలా. కొడుకు పుట్టినంత సంబరంగా అందరికీ చూపించుకున్న గూలా."

"ఎక్కడుంటే ఏంటిప్పుడు?"

"మొదటి మలుపులో ఉండేది. నా కిటికీలోంచి దాని ఒక కన్ను కనపడేది. పిల్లలు అక్కడే కెవ్వుమనేవాళ్లు. మంటల తర్వాత చూస్తే ఈ గోడ మీదుంది. ఎప్పుడు మార్చావని అడిగితే, మేడ మళ్లీ తెరిచేటప్పుడు మార్చానన్నావు."

"అవును. అప్పుడే."

"మళ్లీ తెరిచేముందు, ఇక్కడ ఊడ్చి కడిగే పని చేసే మా అమ్మే ఈ గోడలన్నీ సబ్బు పెట్టి కడిగింది. చేతులు బొబ్బలెక్కి నాచేత అన్నం ముద్దలు పెట్టించుకుంది. మసి అన్నది ఒక్క మరక మిగల్చలేదు. మరి ఈ తలుపెందుకు కడగలేదు ఫిక్రీ?"

ఎన్నేళ్లుగానో కొడుకు పేరుతో అబూ హానీ అని పిలిచిన నోరు ఒట్టి ఫిక్రీ అంది. అతని చేతిలో టేపు సర్రుమని లోపలికి పోయింది.

"కడగడానికి అది కనపడలేదు కాబట్టి," అంది తహానీ. తనకి తానే చెప్పుకుంటున్నట్టుంది. "అప్పటికే నువ్వు కప్పేశావు. అమ్మ కడక్కముందు. ప్రాసిక్యూటరు రాకముందు. పొగ ఇంకా పోకముందు."

"బహ్‌గత్ బే చెప్పాడు," అన్నాడు ఫిక్రీ.

అంతే. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడు. కొట్టినా తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదేమో. ఏళ్ల తరబడి నోట్లో పెట్టుకున్న రాయిని తుపుక్కున ఉమ్మేసినట్టు అనేశాడు.

"తెల్లారేసరికి పిలిపించాడు. షెడ్డు కట్టింది అనుమతి లేకుండా. తలుపు బయటపడితే పార్కు మూసేస్తారన్నాడు. రెండొందల మంది రోడ్డున పడతారన్నాడు. మసి పట్టిన బొమ్మ ఒకటి తెచ్చి కొట్టు, ఎప్పట్నుంచో ఉన్నట్టుంటుంది అన్నాడు. కొట్టాను. రగబ్ మీదకి వస్తుందని నాకు తెలీదు, అల్లా మీద ఒట్టు."

"కోర్టులో నిలబడ్డప్పుడు తెలిసిందిగా."

"అప్పటికి ఇరుక్కుపోయాను."

"వాడు బోనులోంచి నీ వైపు చూశాడు. నేను చూశాను. ఫిక్రీ అన్నా, నువ్వు చెప్పన్నా అన్నాడు. నువ్వు మొహం పక్కకి తిప్పుకుని, ఇదే వెనకతలుపు అన్నావు."

"అన్నాను!" అరిచాడు ఫిక్రీ. చీకటి మేడలో ఆ అరుపు మూల మూలా తిరిగింది. "అన్నాను, అంటే ఏం చెయ్యమంటావు? బహ్‌గత్ పోయాడు. వెల్డింగు చేసినవాడు లిబియా పోయి ఎక్కడో చచ్చాడు. రగబ్ పోయాడు. ఆ పిల్లలూ పోయారు. మిగిలింది నేనొక్కణ్ణే. ఇప్పుడు తాడు తెస్తే ఎవరి మెడకి సరిపోతుంది? నా మెడకే! నీ కడుపు చల్లబడుతుందా? హానీ కొత్త కంపెనీలో చేరి ఇంకా నెల కాలేదు. వాడి మొహాన ఏం రాస్తారో తెలుసా? హంతకుడి కొడుకని రాస్తారు."

"హంతకుడి అక్క అని నా మొహాన రాసి నువ్వే రోజూ చదివావుగా."

అతను తల దించుకున్నాడు. తహానీకి ఇంకో ప్రశ్న మిగిలింది. అడక్కూడదనుకుంది. అడిగింది.

"నన్నెందుకు చేసుకున్నావు?"

వాన రేకుల్ని కొడుతోంది. ఫిక్రీ ఒక పాత పీట మీద కూర్చున్నాడు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు.

"మొదట భయంతో వచ్చాను మీ ఇంటికి," అన్నాడు. "రగబ్ మీతో ఏం చెప్పాడో, మీకెంత తెలుసో కనుక్కుందామని. వాడు పోయిన నలభయ్యో రోజు పలకరింపుకొచ్చినట్టు వచ్చాను. నువ్వు బీన్సు కూర పెట్టావు. ఇంకాస్త నిమ్మకాయ పిండమంటావా అని అడిగావు. నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ వచ్చాను. మళ్లీ వచ్చాను. ఎప్పుడు భయం పోయిందో, ఎప్పుడు నీకోసం రావడం మొదలైందో నాకే తెలీదు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. నీతో అబద్ధం ఆడింది ఈ ఒక్క విషయంలోనే."

"ఒక్క విషయమా!" తహానీ నవ్వింది. "ఇల్లంతా కట్టి పునాదిలో ఒక్క శవాన్నే పెట్టాను అంటున్నావు."

"తహానీ..."

"హానీగాణ్ణి ఆ బొమ్మ కాళ్ల దగ్గర నిలబెట్టి ఫోటో తీశావు. నవ్వరా, గూలా ఏమీ చెయ్యదు అన్నావు. వాడి వీపు వెనకాల ఈ చేతులున్నాయని నీకు తెలుసు. తెలిసీ నవ్వించావు. ఆ ఫోటో మన మంచం పైన వేలాడుతోంది ఫిక్రీ. దాని కిందే పడుకున్నాం ఇన్నాళ్లూ."

అతను మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడేమో. ఒకప్పుడైతే తహానీ దగ్గరికెళ్లి తల మీద చెయ్యి వేసేది. చెయ్యి లేవలేదు. తన చెయ్యి తనకే బరువుగా ఉంది.

నెర్మీన్ తడిసిన కోటుతో లోపలికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"పని ఆపించాను," అంది. "మా పైవాళ్లు వద్దన్నారు. తలుపు పీకేసి నోరు మూసుకోమన్నారు. నేను అప్పటికే ప్రాసిక్యూటరు ఆఫీసుకి ఫోను చేసేశాను. వాళ్ల మనిషి బయల్దేరాడు. నా ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుంటా." ఆమె కింద పడున్న గూలా పలక వైపు చూపించింది. "వాళ్లు మొదట అడిగేది ఇదే. ఈ బొమ్మ ఎవరు గీశారు, ఎవరు కొట్టారు? నాకు తెలీదని చెప్పనా? చెప్పమంటే అలాగే చెప్తాను అక్కా. నిర్ణయం మీది."

ఫిక్రీ తల ఎత్తాడు. ఆ కళ్లలో ఉన్న బతిమాలాటను తహానీ చూసింది. ఈ కళ్లే పురిటినొప్పుల రాత్రి ఆమె పక్కన మేలుకుని ఉన్నాయి. ఈ కళ్లే బోనులోని రగబ్‌ను చూసి పక్కకి తిరిగాయి. రెండూ ఇవే కళ్లు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

"మా ఆయన గీసిందే," అంది తహానీ. "కొట్టింది కూడా ఆయనే. ఫిక్రీ అని చెప్పండి. ఎదురుగానే ఉన్నాడు, ఎక్కడికీ పోడు."

నెర్మీన్ గుమ్మం దగ్గరకెళ్లి నిలబడింది.

తహానీ తలగుడ్డ సర్దుకుని బయటికి నడవబోయింది. వెనకనుంచి ఫిక్రీ పిలిచాడు. ఇందాకటి ఏడుపు గొంతు కాదు. ఎండిపోయిన గొంతు.

"నా పేరు చెప్పావు. మంచిది. రెండో పేరు కూడా చెప్పి పో."

ఆమె ఆగింది.

"ఆ పలక చూశావుగా. ఇందాక ఎంతమంది పట్టారు దాన్ని? నేను ఒక్కణ్ణే ఎత్తి కొట్టాననుకున్నావా? తెల్లారగట్ల పార్కులో ఇంకెవరున్నారు, పార్కు ఊడవడానికి చీపురూ బకెట్టూ పట్టుకొచ్చిన మనిషి తప్ప?"

తహానీ వెనక్కి తిరిగి అతన్ని చూసింది.

"రెండో కొస మీ అమ్మ పట్టుకుంది," అన్నాడు ఫిక్రీ. "పట్టుకునేటప్పుడు పాపం ఆమెకేం తెలీదు. కోర్టులో రగబ్ నోరు తెరిచిన రోజు తెలిసింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా తెలుసు. పో. పోయి అడుగు."

ట్రాం ఎక్కలేదు తహానీ. వానలో నడిచింది. సముద్రం రోడ్డు మీదికి నీళ్లు విసురుతోంది. ఎవరో తెలిసినవాళ్లు కొట్టు చూరు కింద నుంచి, "ఇలా రావమ్మా, తడిసిపోతున్నావ్," అని కేకేశారు. వినిపించలేదు. కోర్టులో రగబ్ అరిచిన రోజు అమ్మ పక్కనే కూర్చుంది. అమ్మ చెయ్యి తన చేతిలో ఉంది. ఆ చెయ్యి ఒక్కసారి చల్లబడింది. కొడుకును చూసి తల్లడిల్లిందనుకుంది తను.

అమ్మ ఉండే ఇంటి మెట్లెక్కి తలుపు తోసింది. ఉమ్ రగబ్ కిటికీ పక్క చాప మీద కూర్చుని బటాణీలు ఒలుస్తోంది. ఊరంతా ఆమెను ఇంకా ఉమ్ రగబ్ అనే పిలుస్తుంది. పోయిన కొడుకు పేరుతో పిలవొద్దని ఆమె ఎన్నడూ అనలేదు. కూతురి బట్టల నుంచి నీళ్లు కారి గచ్చు మీద మడుగు కడుతున్నాయి. ముసలామె ఆ నీళ్లను చూసింది. తర్వాత కూతురి భుజాలను చూసింది. బట్టకి మసి.

"ఊడిందా?" అంది.

తహానీ గోడ పట్టుకుంది. ఏ పలక అని అడగాల్సిన పనిలేదు.

"నీకు తెలుసు," అంది. "అమ్మా, నీకు తెలుసు. నీ కన్నకొడుకు."

ఉమ్ రగబ్ ఒడిలోని గిన్నె పక్కన పెట్టింది. మోకాళ్ల మీద చేతులు వేసుకుని, లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది. కళ్లలో తడి లేదు. ఎప్పుడో ఇంకిపోయినట్టున్నాయి.

"ఆ తలుపేసి రా," అంది. "నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ముందు ఒకటి విను. జైల్లో మీ తమ్ముణ్ణి ఆఖరిసారి చూసినప్పుడు పలక సంగతి వాడికి చెప్పేశాను. వాడు నన్నొక మాట అడిగాడు. దానికి నేను సరేనన్నాను. నిన్ను ఫిక్రీకి ఇచ్చింది ఆ మాట మీదే."

(సశేషం)